దొరసాని భాషా, నా లక్కపిడతలూ

నాది ఓర్వలేని బుద్ధి. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఎవరి పిల్లయినా నన్ను చూసి నవ్వితే అది నా పిల్లేననుకుంటాను. అదే పిల్ల కన్నతల్లిని చూసి నవ్విందా, కడుపులో మంట మొదలవుతుంది. ఇటువంటి మనిషి బతుకంతా పరాయి పిల్లల్ని పెంచే ఉద్యోగమే చేసింది. దేవుడి పరాచికాలు అట్లా ఉంటాయి.

నేను అక్షరాలు దిద్దుకున్నది నలభై దాటాక. కాన్వెంటు బడిలో ఆయాగా ఉన్న రోజుల్లో ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడుస్తూ, వెనక బెంచీ మీద కూర్చుని, వాళ్లతో పాటే నేర్చుకున్నాను. రాతలో వంకరలుంటే సర్దుకుని చదవండి. ఇప్పుడు బాలవాడీల్లో, కాన్వెంటుల్లో పనిచేసే అమ్మాయిలు నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, పిల్లలకి ఆటల్లో ఇంగ్లీషు నేర్పమంటన్నారు, ఎట్టా నేర్పాలి?" అని అడుగుతుంటారు. ఇంగ్లీషు సంగతి నాకు తెలియదు. నేను ఆటల్లో నేర్పింది స్పానిషు. వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ సంగతే రాస్తున్నాను.

యుద్ధం జరుగుతున్న రోజులు. నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు ఉండేది. దాని ఇంజనీరు దొర ఇంగ్లీషువాడు. మిల్లు వెనకే వాళ్ల బంగళా. గాలి ఎటు వీచినా పత్తి దూది పొగమంచులాగా వచ్చి కిటికీల మీద వాలేది. రోజూ తుడవడమే ఒక పని. దొర భార్య మాత్రం ఇంగ్లీషామె కాదు. స్పెయిన్ అనే దేశం పిల్ల. బొంబాయిలో వాళ్లిద్దరూ ఎట్లా కలిశారో, ఎట్లా పెళ్లాడారో నాకు తెలియదు. వాళ్లకి ఇద్దరు పిల్లలు. పెద్దపాపకి అయిదేళ్లు, చిన్నబాబుకి మూడు.

మాది రెంటచింతల. మా నాయన కూలికి పోయేవాడు, మా అమ్మ కూలికి పోయేది, ఆదివారం మాత్రం అందరం గుడికి పోయేవాళ్లం. గుళ్లో ప్రార్థనలు లాటినులో ఉండేవి. ఒక్క ముక్కకి అర్థం తెలియదు, ఒక్క ముక్క తప్పేది కాదు. దొరసాని నన్ను పనిలోకి తీసుకునేటప్పుడు నా చేత పరలోక జపం లాటినులో చెప్పించుకుంది. నేను గడగడా చెప్పేశాను. ఆమె మొహం వెలిగింది. వాళ్ల భాష ఆ లాటినుకి బిడ్డలాంటిదట. అప్పుడు నాకా సంగతి తెలియదు. నా భక్తి చూసి మురిసిందనుకున్నాను.

నేను చేరిన ఏడాదికే చిన్నబాబు పుట్టాడు. కాన్పు తరువాత దొరసానికి చలిజ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది. ఒక వేసవి అంతా ఆమె గుంటూరు ఆసుపత్రిలోనే ఉంది. పిల్లలిద్దరూ నా చంకలో, నా ఒళ్లో, నా చాప మీద పెరిగారు. నాకప్పటికి పిల్లల్లేరు. ఆ ఇద్దరి నోళ్లలో మొదట పలికిన భాష నా భాషే. దొరసాని లేచి తిరిగే వేళకి తెల్లతోలు, పిల్లికళ్లు ఉన్న పెద్దపాప వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏందే ఆయా, ఈ కూర చానా కారంగా ఉంది, నాకొద్దు పో" అంటోంది.

దొరసాని పిల్లల్ని పిలిచేది. వాళ్ల భాషలో ఏదో అడిగేది. వాళ్లకి అర్థమయ్యేది. అర్థమైనట్టు మొహాలు చెప్పేవి. కానీ జవాబు తెలుగులో నావైపు తిరిగి చెప్పేవాళ్లు. ఆమె నావైపు చూసేది. నేను జవాబుని ఆమెకి వచ్చిన ముక్కల తెలుగులోకి మార్చి చెప్పేదాన్ని. కన్నతల్లికీ బిడ్డకీ మధ్య దుబాసీని. అప్పుడు నాకెంత గర్వంగా ఉండేదో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఆమె చూపులో ఏముందో కూడా నాకు తెలుసు. ఓర్వలేని వాళ్లకి ఓర్వలేనితనం కంటపడగానే తెలిసిపోతుంది.

ఆమె ఊరికే కూర్చోలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, పిల్లలిద్దరినీ ఎదురుగా స్టూళ్ల మీద కూర్చోబెట్టి, బొమ్మల పుస్తకం తెరిచి, ఇదేమిటి, అదేమిటి అని వేలు పెట్టి అడిగేది. చిన్నబాబు పుస్తకం మూల నోట్లో పెట్టుకునేవాడు. పెద్దపాప కాసేపు కూర్చుని, "ఆయా, గుజ్జనగూళ్లు ఆడదామా" అంటూ నా దగ్గరికి పరుగెత్తి వచ్చేది. ఆమె పుస్తకం మూసి లోపలికి వెళ్లేది. నేను లక్కపిడతలు తీసేదాన్ని.

వంటవాడు గుంటూరు మనిషి, ముసలాయన. దొరల ఇళ్లల్లోనే తల నెరిసింది. నేను బాబాయ్ అనేదాన్ని. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ అన్నాడు.

"ఏమే, బిడ్డల్ని లాక్కుంది చాలక, ఆమె కళ్ల ముందే ఆడిస్తన్నావా?"

"నేనేం లాక్కున్నాను బాబాయ్. వాళ్లే వచ్చారు."

"పిల్లి పాలకాడికి పోయినట్టు పోయారులే."

"ఆమెని కూడా రమ్మను ఆటకి. నేనేమన్నా వద్దన్నానా."

"దొరసాని వచ్చి నీ పక్కన గచ్చు మీద గొంతుక్కూచుంటదా? దొర చూస్తే ఇంకేమన్నా ఉందా. నోరుమూసుకో."

అది నిజమే. ఆ బంగళాలో వెనక వరండా మాది. ముందు వరండా వాళ్లది. పిల్లలు రెండింటా తిరిగేవాళ్లు గానీ పెద్దవాళ్లు తిరగరు.

అట్లా జరిగిపోతుండగా దొరసాని అక్క దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఆమె మొగుడు నీలగిరి కొండల మీద టీ తోటలో దొర. వాళ్ల పిల్లలందరూ ఇంట్లో స్పానిషే మాట్లాడతారట. ఆమె క్రిస్మసు ముందు వచ్చి పది రోజులు ఉంటుంది. పెద్దపాప తల్లి భాష మాట్లాడకపోతే తనతో తీసుకుపోతుంది. అక్కడ తన పిల్లలతో పెరిగితే భాష వస్తుంది, చల్లని గాలికి ఒళ్లూ బాగుపడుతుంది. దొర కూడా సరేనన్నాడట.

ఈ సంగతి దొరసానే నాకు చెప్పింది. వెనక వరండా గుమ్మం దాకా వచ్చి, అటు అడుగుపెట్టకుండా నిలబడి, తనకి వచ్చిన తెలుగులో చెప్పింది.

"నా అక్క వస్తుంది. పాప నా మాట చెప్పదు. అక్క పాపని తీసుకుపోతుంది. నీకు మంచిదా?"

"మంచిది కాదమ్మగారూ."

"నాకు మంచిది కాదు. పాప నీతో ఆడుతుంది, నాతో ఆడదు. నేను నీకు నా మాటలు ఇస్తాను. నువ్వు ఆటలో పెట్టు."

ఆ మాట అడగడానికి ఆమెకి ఎంత కష్టమై ఉంటుందో నేను అప్పుడు ఆలోచించలేదు. నా లెక్క నాది. నేర్పకపోతే పిల్ల కొండలెక్కిపోతుంది. నేర్పితే పిల్ల తల్లి దగ్గరికి పోతుంది. తల్లి ఉండేది ముందు వరండాలోనే గదా, నీలగిరిలో కాదు. సరేనన్నాను.

రోజూ పొద్దున దొర మిల్లుకి వెళ్లాక ఆమె గుమ్మంలో నిలబడేది. నేను చాటలో బియ్యం ఏరుతూ కూర్చునేదాన్ని. "ఆటకి ఏ మాట కావాలి?" అని ఆమె అడిగేది. నేను తెలుగులో చెబితే ఆమె తన భాషలో చెప్పేది. లాటిను జపాలు పట్టించుకున్నట్టే నేను నోటికి పట్టించుకునేదాన్ని.

నేను ఏ మాటలు అడిగానో చూడండి. తీసుకురా. ఇక్కడ పెట్టు. తొందరగా. అట్లా కాదు. తిను. చాలు. పో. ఇంట్లో ఇంతకన్నా మాటలతో పనేముందనుకున్నాను. నేను బంగళాకి వచ్చాక నా చెవిన పడ్డ మాటలన్నీ అవే. దొర ఇంగ్లీషులో అవే అనేవాడు, దొరసాని ముక్కల తెలుగులో అవే అనేది, వంటవాడు నాతో అవే అనేవాడు. దొరల భాష అంటే పనులు చెప్పే భాష. నాకు తెలిసిన దొరతనం అది.

"త్రాయె" అంటే తీసుకురా. "ఆగ్వా" అంటే నీళ్లు. "ప్రోంతో" అంటే తొందరగా. "బాస్తా" అంటే చాలు. ఈ మాట నేర్పిన రోజున పెద్దపాప పకపకా నవ్వింది. మిల్లులో బస్తాల మధ్య పెరిగిన పిల్ల మరి.

ఆట నేను కట్టాను. లక్కపిడతలు, ఒక విరిగిన స్టూలు, మిల్లు దూదితో నేను కుట్టిన బొమ్మ. పెద్దపాప దొరసాని. నేను ఆయా. చిన్నబాబు వంటవాడు. పాప గరిటె పట్టుకుని, నడుం మీద చేయి వేసుకుని, వాళ్ల భాషలో పనులు చెప్పాలి. అర్థమైతే నేను చేయాలి, తప్పు చేస్తే తిట్టాలి. నేను కావాలని తప్పులు చేసేదాన్ని. నీళ్లు తెమ్మంటే చెప్పు తెచ్చేదాన్ని. పాప పొర్లిపొర్లి నవ్వి, "అసీ నో, అసీ నో" అని కేకలు పెట్టేది. అట్లా కాదు అని. ఆటలో నేర్పడమంటే ఇదే అమ్మాయిలూ. పిల్లకి మీ మీద పెత్తనం ఇవ్వండి, భాష దానంతటది వస్తుంది. ఇంతవరకూ నేను చేసింది మంచి పనే. ఇప్పటికీ అదే అంటాను.

బొమ్మని నిద్రపుచ్చేటప్పుడు మాత్రం తెలుగే. బొమ్మ ఏడిస్తే తెలుగే. దెబ్బ తగిలితే ఊదేది తెలుగులోనే. దొరసాని ఒకరోజు అడిగింది కూడా, "బొమ్మకి జోల ఏ మాటలో?" అని. "అది ఆటలో రాదు అమ్మగారూ" అన్నాను. ఆటలో ఎందుకు రాదు, రోజూ వచ్చేది. ఆ మాటలు ఆమెని అడగాలని నాకు అనిపించలేదు. సగం తోచక, సగం ఇష్టం లేక. ఏ సగం పెద్దదని అడగకండి.

పిల్ల ఎంత తొందరగా పట్టుకుందంటే, వారం తిరగకుండానే వంటింట్లోకి పోయి వంటవాడి మీద స్పానిషు ప్రయోగించింది.

"ఏందే ఇది, ఈ పిల్ల నన్నేదో తిడతా ఉంది."

"తిట్టడంలేదు బాబాయ్. నీళ్లు తొందరగా తెమ్మంటంది."

"దానికన్నా తిట్టడమే నయం. ఇప్పటికి రెండు భాషల్లో చాకిరీ చేస్తన్నా, ఇప్పుడు మూడోది తగిలించావా?"

దొర విని సంతోషించాడు. భోజనాల బల్ల దగ్గర పాప "త్రాయె" అని అరిస్తే బల్ల మీద చప్పట్లు కొట్టాడు. దొరసాని కూడా నవ్వింది. కానీ ఆమె నవ్వు కళ్లదాకా పోలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. కడుపుమంటే అనుకున్నాను. నా చేత ఆమె బిడ్డ ఆమె భాష నేర్చుకుంటుంటే మంట కాకుండా ఏముంటుంది? లోపల నాకు బాగానే ఉంది.

అక్క దిగింది. పొడవాటి మనిషి. జట్కా దిగుతూనే తన గొడుగు నాకిచ్చి, పెట్టెలు వంటవాడికి చూపించి, చెల్లెల్ని గట్టిగా పట్టుకుని రెండు బుగ్గలకీ ముద్దు పెట్టింది. దొరసాని ఏడ్చింది. ఆమె ఎవరినైనా పట్టుకుని ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఇద్దరూ ఎడతెగకుండా మాట్లాడుకున్నారు. నాకు అన్ని మాటలు నేర్పింది గదా, ఆ మాటల ప్రవాహంలో నాకు తెలిసిన మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని చెవులు రిక్కించాను. దొరకలేదు.

ఆ మధ్యాహ్నం ముందు వరండాలో అందరూ కూర్చున్నారు. పాపకి తల దువ్వి, కొత్త గౌను వేసి నేనే తీసుకెళ్లి నిలబెట్టాను. అక్క చేతులు చాచి మెత్తగా ఏదో అడిగింది. పాప నావైపు చూసింది. నేను కానివ్వమన్నట్టు తల ఊపాను. పాప నడుం మీద చేయి వేసుకుంది. గడ్డం ఎత్తింది. వాళ్ల పెద్దమ్మ మొహంలోకి సూటిగా చూసి, నీళ్లు తీసుకురా అంది. తొందరగా అంది. ఇక్కడ పెట్టు అంది. అట్లా కాదు అంది. చాలు, ఇంక పో అంది.

ఒక్క మాట తప్పు లేదు. ఉచ్చారణ గంటలాగా ఉంది.

అక్క ముందు నవ్వింది. పాప మెచ్చుకున్నారనుకుని మళ్లీ మొదలుపెట్టింది, ఇంకా గట్టిగా. ఈసారి అక్క నవ్వలేదు. ముందుకి వంగి పాపని వేరే ఏదో అడిగింది. ఆకలి వేస్తోందా అనో, నీ బొమ్మ పేరేమిటి అనో అయ్యుంటుంది. పాప దగ్గర దానికి మాట లేదు. "వేతె" అంది మళ్లీ. పో అని. అక్క చెల్లెలివైపు తిరిగి నిదానంగా రెండు మాటలు అంది. దొరసాని మొహం కందగడ్డలాగా అయింది. ఆ రెండు మాటలకి అర్థం నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది.

భోజనాల దగ్గర అక్క దొరతో ఇంగ్లీషులో మాట్లాడింది. వడ్డిస్తున్న వంటవాడికి ఇంగ్లీషు తెలుసని వాళ్లకి ఎప్పుడూ గుర్తుండదు. గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వచ్చి నాతో అన్నాడు.

"అయిపోయిందే నీ పని. బిడ్డకి తల్లి భాష రాలేదంట, నౌకర్లకి పనులు చెప్పే భాష వచ్చిందంట. కన్నతల్లితో కూడా ఇట్టా మాట్లాడేటట్టయితే రేపు మనిషితో ఏం మాట్లాడుద్ది అంటంది పెద్దామె. పది రోజులుంటానన్న మనిషి ఎల్లుండి బండికే పాపని తీసుకుపోతదంట. దొర ఊ అన్నాడు."

"అమ్మగారు ఏమంది?"

"ఏమంటది. పళ్లెంలోకి చూస్తా కూచుంది."

నాకు కోపం వచ్చింది. నేను చేసిన తప్పేంది? అడిగిన పని చేశాను. మాటలు ఆటలో పెట్టమంది, పెట్టాను. ముద్దుమాటలు కావాలంటే ముద్దుమాటలు ఇవ్వాల్సింది. ఇట్లా మనసులో పోట్లాడుకుంటూ అంట్లు తోముతున్నాను. తోముతుంటేనే తట్టింది. ఆమె మాటలు ఇచ్చేది. ఏ మాటలు కావాలో అడిగింది నేను. బొమ్మకి ఏడుపొస్తే ఏమంటారని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగినా ఆమె చెప్పి ఉండేదా అంటే, అదీ అనుమానమే. ముద్దుమాటలు చాటలో బియ్యం ఏరుతున్న దానికి గుమ్మంలో నిలబడి అప్పజెప్పేవి కావు గదా.

పాప పోతే చిన్నబాబు మిగులుతాడు. వాడికీ అయిదేళ్లు వస్తాయి. వాడూ పోతాడు. అప్పుడు ఆ బంగళాలో నేనెందుకు? ఆ లెక్కా చూసుకున్నాను. అబద్ధం ఎందుకు.

మర్నాడు పొద్దున దొర మిల్లుకి పోగానే నేనే ముందు వరండాలోకి వెళ్లాను. దొరసాని ఒక్కతే కూర్చుని ఉంది. పాప గౌన్లు మడతపెట్టి పక్కన పెట్టుకుంది.

"అమ్మగారూ, మీరు వెనక్కి రండి. ఆటలోకి."

"నాకు ఆ ఆట రాదు."

"మీకేం రానక్కర్లా. పాప అమ్మ. మీరు పిల్ల. పాప అన్నం పెడతది. మీరు తినొద్దు. ఏం చెప్పినా నోరు తెరవద్దు. అంతే."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఎందుకు చెబుతున్నానా అని చూసినట్టుంది. ఎందుకంటే ఏం చెప్పను? పూర్తిగా పోవడం కన్నా సగం పోవడం నయమని. లేచింది. ఆ గుమ్మం దాటి మొదటిసారి వెనక వరండాలో అడుగు పెట్టింది. గౌను కుచ్చిళ్లు కాళ్ల కిందకి సర్దుకుని గచ్చు మీద కూర్చుంది. వంటింటి కిటికీలోంచి వంటవాడు చూసి తల పక్కకి తిప్పుకున్నాడు.

పాప బిత్తరపోయింది.

"ఆయా, అమ్మ కింద కూచుందేందే?"

"ఇయ్యాల అమ్మ నీ పిల్ల. నువ్వు అమ్మవి. అన్నం పెట్టు. ఈ పిల్లకి తెలుగు రాదు, చూసుకో."

లక్కపిడతలో బిస్కట్టు నలిపి వేశాను. పాపకి ఈ ఏర్పాటు నచ్చింది. గరిటె పట్టుకుని నడుం మీద చేయి వేసుకుంది. "కోమె" అంది. తిను అని. దొరసాని పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. "కోమె, ప్రోంతో." ఊహూఁ. పాప అరిచింది. దొరసాని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుపు నటించింది. నటనే అనుకుంటాను.

పాపకి పాలుపోలేదు. ఆయా అయితే తప్పు చేసినా చివరికి మాట వింటుంది. ఈ పిల్ల వినడంలేదు. కిందకి కూర్చుని బుజ్జగించింది, తెలుగులో. "మా అమ్మ గదూ, మా బంగారం గదూ, ఒక్క ముద్ద తినవే." అచ్చం నా గొంతే. నా సాగతీతతో సహా. నా ఒళ్లు పులకరించింది. దొరసాని ఆ మాటలు అర్థం కానట్టు బిక్కమొహం వేసుకుని చూసింది. ఆ నటన ఆమెకి తేలికే.

అప్పుడు నేనుండబట్టలేక అన్నాను. "కాకమ్మ వచ్చిందని చెప్పు పాపా, నోరు తెరుస్తది."

పాప నావైపు తిరిగింది. విసుగ్గా కనుబొమలు ముడిచింది.

"నువ్వు ఊరుకో ఆయా. నువ్వీ ఆటలో లేవు."

నేను ఊరుకున్నాను. చేతిలో చెంబు ఉంది. అది పట్టుకుని నిలబడిపోయాను.

పాప మళ్లీ తల్లి వైపు తిరిగింది. కళ్లు పైకెత్తి దేన్నో వెతుక్కున్నట్టు చూసింది. తరువాత గరిటె పక్కన పెట్టింది. మూడు వేళ్లతో బిస్కట్టు పొడి తీసింది. గొంతు తగ్గించింది. వరస ఎత్తుకుంది.

"ఎస్తా పోర్ పపా."

ఇది నాన్న కోసం. ఆ మాటలు నేను నేర్పలేదు. దొరసాని జబ్బు పడకముందు, పాప నడక నేర్చే రోజుల్లో, ఆమె స్వయంగా అన్నం పెట్టేది. ఒక్కో ముద్దకీ ఒక్కో మనిషి పేరు. మనం నాన్న ముద్ద, మామ ముద్ద అనమా, అట్లాంటిదే. నేను అప్పుడు పక్కనే పళ్లెం పట్టుకుని నిలబడే ఉండేదాన్ని, నా చెవికి ఎక్కలేదు. పాప నోట్లోకి మాత్రం అన్నంతో పాటు పోయింది. ఇన్నేళ్లు నా తెలుగు కింద పడి ఉండి, ఇప్పుడు బయటికి వచ్చింది.

దొరసాని నోరు తెరిచింది.

తమ్ముడి కోసం ఒక ముద్ద. అమ్మమ్మ కోసం ఒకటి. "పోర్ లా అబ్వేలా" అనగానే దొరసాని కళ్లు నిండాయి. యుద్ధం వల్ల ఓడలు లేక ఆ తల్లిని ఆమె చూసి ఎంతకాలమైందో. గుమ్మం దగ్గర అలికిడైతే తిరిగి చూశాను. అక్క నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. పాప కూడా చూసింది. భయపడలేదు. చిటికెడు పొడి తీసి పైకెత్తి, "పోర్ లా తియా" అంది. పెద్దమ్మ కోసం. అది కూడా దొరసాని నోట్లోనే పెట్టింది. తరువాత తన గౌను అంచుతో తల్లి మూతి తుడిచి, చెవి దగ్గరికి వంగి ఏదో అంది. దొరసాని నవ్వింది. ఆ నవ్వు ఇన్నాళ్లూ నేను వినలేదు.

చిన్నబాబు పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి ఒళ్లో కూలబడి వాడూ నోరు తెరిచాడు.

నాకు ఏమనిపించిందని అడుగుతారేమో. సంతోషం అని రాయొచ్చు. రాస్తే మీరు మెచ్చుకుంటారు. సంతోషం కాదు. నా ఆటలోంచి నన్ను గెంటారు. గెంటించుకున్నది నేనే. చెంబు తీసుకుని వంటింట్లోకి పోయాను.

"ఏందే, మొహం అట్టా పెట్టావు?" అన్నాడు వంటవాడు. "నువ్వనుకున్నదే అయిందిగా."

"అయింది."

"మరి ఏడుస్తావేంది?"

"ఉల్లిపాయలు తరుగుతన్నావుగా బాబాయ్."

అతను తరుగుతున్నది బీరకాయలు. కత్తిపీట వైపు చూసుకుని ఇంకొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. ఆ ముసలాయన నాతో మెత్తగా ఉండటం అదే మొదటిసారి.

అక్క మర్నాడు ఒక్కతే బండెక్కింది. వెళ్లేటప్పుడు తన గొడుగు నా చేతిలోంచి తీసుకుంటూ నన్ను ఒక్క క్షణం చూసింది. ఏదో అనబోయి, ఏ భాషలో అనాలో తోచనట్టు ఆగిపోయింది. పాప జట్కా వెనక వీధి చివరిదాకా పరుగెత్తింది. తిరిగి వచ్చి నా చంకనెక్కింది. అయిదేళ్ల పిల్ల, బరువు. దించలేదు.

ఆ రోజు నుంచి పొద్దున ఆట దొరసానిది. దొరకి కోపం వచ్చిందట, గచ్చు మీద కూర్చోవడమేమిటని. ఆమె మానలేదు. వాళ్ల భాషలో వాళ్లు ముగ్గురూ ఆడుకునేవాళ్లు. నేను బియ్యం ఏరుతూ వినేదాన్ని. తీసుకురా, పెట్టు, చాలు, అవి వస్తే తెలిసేవి. మిగిలినవన్నీ కొత్త మాటలు. ఎన్నో మాటలు. ఒకరోజు ఆగలేకపోయాను. ఆట అయిపోయాక దొరసాని లేచి గౌను దులుపుకుంటుంటే అడిగాను.

"అమ్మగారూ, ఆ మాటలు నాకూ చెప్పండి. మెత్తటివి. పాప మీ చెవిలో చెప్పేవి."

ఆమె నావైపు చూసింది. ఇంతకుముందు ఏ మాట అడిగినా ఒకటికి పదిసార్లు చెప్పిన మనిషి. ఈసారి తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు. స్థిరంగా.

"అవి ఇవ్వను. అవి నావి."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆమె వచ్చి నా జోలపాటలు అడిగి ఉంటే నేనూ అదే అనేదాన్ని. నాలుగేళ్లుగా ఒక ఇంట్లో ఉన్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ. ఆ పూటకి గానీ ఒకే జాతి మనుషులమని తెలియలేదు.

"సరే అమ్మగారూ" అన్నాను.

మధ్యాహ్నం చిన్నబాబు నిద్రకి మారాం చేస్తే లోపలికి తీసుకెళ్లాను. దొరసాని గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూస్తూ నిలబడింది. వాడిని భుజాన వేసుకుని, పాట ఎత్తుకునే ముందు, తలుపు దగ్గరగా వేసుకున్నాను.